ఎర్ర బెంచీల సభలో ఒక పూట

లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తమామలు వచ్చినా ముందు తీసుకెళ్ళేది అక్కడికే. బిగ్ బెన్ ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం, లండన్ ఐ ఎక్కిస్తాం, చలి మరీ ఎక్కువైతే ఒక కాఫీ తాగించి ఇంటికి తీసుకొస్తాం. ఆ గడియారం పక్కనున్న భవనంలోకి వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం మనలో తక్కువే. "అది పార్లమెంటు కదా, మనల్ని ఎవరు రానిస్తారు?" అనుకుంటాం. నిజానికి రానిస్తారు. శనివారాల్లోనూ, సభలు జరగని సెలవు రోజుల్లోనూ టికెట్ కొనుక్కుని చూడొచ్చు. మన నియోజకవర్గం ఎంపీకి ఒక ఉత్తరం రాస్తే ఉచితంగా చూసే ఏర్పాటు కూడా ఉంది.

మేం నలుగురం 2025 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల్లో వెళ్ళాం. పదమూడేళ్ళ మా అమ్మాయికి స్కూల్లో ప్రజాస్వామ్యం మీద ప్రాజెక్టు ఇచ్చారు. తొమ్మిదేళ్ళ మావాడికి రాజుగారి సింహాసనం చూడాలని ఉంది. మా ఆవిడ పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. నాకు మాత్రం ఇంకో కారణం ఉంది. ఆ రోజుల్లో పేపర్లో రోజూ ఒక వార్త వచ్చేది. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో తండ్రి తరవాత కొడుకుగా వారసత్వంగా కూర్చునే సభ్యుల్ని ఇక ఇంటికి పంపించాలని ప్రభుత్వం 2024 సెప్టెంబరులో బిల్లు పెట్టింది. అది కామన్స్ దాటి లార్డ్స్‌లో చర్చకు వచ్చింది. అంటే ఎవరి సీట్లు పోవాలో వాళ్ళే కూర్చుని దాని మీద మాట్లాడుకుంటున్నారన్నమాట. ఆ సీట్లు ఎలా ఉంటాయో ఒకసారి చూడాలనిపించింది.

కాలిపోయిన లెక్కలు

సెక్యూరిటీ దాటగానే మొదట వచ్చేది వెస్ట్‌మినిస్టర్ హాలు. కట్టి తొమ్మిది వందల ఏళ్ళు దాటింది. పైకి చూస్తే ఓక్ దూలాల కప్పు, మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు. 1649లో ఛార్లెస్ రాజుని విచారించి మరణశిక్ష వేసింది ఇక్కడే. మన బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ మీద విచారణ 1788లో మొదలైంది కూడా ఇక్కడే. తీర్పు చెప్పాల్సింది లార్డ్స్. ఏడేళ్ళు సాగదీసి 1795లో నిర్దోషి అని వదిలేశారు. "ఏడేళ్ళా? అన్నేళ్ళు ఏం అడిగారు డాడీ?" అన్నాడు మావాడు. కోర్టు వాయిదాల సంగతి వాడికి ఇంకా తెలియదు.

ఈ హాలు తప్ప పాత భవనం దాదాపు అంతా 1834 అక్టోబరు 16న కాలిపోయింది. కారణం వింటే మీకూ నవ్వొస్తుంది. పూర్వం ఖజానా లెక్కలు కర్రల మీద గాట్లు పెట్టి రాసేవారట. మన ఊళ్ళల్లో పాలవాడి లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసినట్టే. ఆ పద్ధతి పోయాక మిగిలిన కర్రల్ని లార్డ్స్ సభ కింద ఉన్న కొలిమిలో వేసి తగలబెట్టారు. మంట అదుపు తప్పి పైనున్న సభ అంటుకుంది. పాత రికార్డులు పారేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు దొరకలేదు.

తరవాత ఛార్లెస్ బారీ కొత్త భవనం కట్టాడు. లోపలి అలంకారాలన్నీ పూజిన్ చేతిలో రూపు దిద్దుకున్నవి. 1847లో లార్డ్స్ సభ తెరిచారు.

కూర్చోకూడని బెంచీ

లార్డ్స్ సభలోకి అడుగు పెట్టగానే మా నలుగురికీ మాట పడిపోయింది. ఎర్ర తోలు బెంచీలు, బంగారు పూతతో మెరిసే సింహాసనం, రంగుటద్దాల కిటికీలు. కామన్స్‌లో బెంచీలు ఆకుపచ్చవి, అక్కడ ఇంత ఆర్భాటం లేదు. ఢిల్లీలో లోక్‌సభకి ఆకుపచ్చ, రాజ్యసభకి ఎరుపు ఎక్కడి నుంచి వచ్చాయో మా అమ్మాయికి అక్కడ అర్థమైంది. గోడల్లో ఎత్తున విగ్రహాలు పద్ధెనిమిది ఉన్నాయి. 1215లో జాన్ రాజు చేత మాగ్నా కార్టా ఒప్పించిన బారన్లూ, బిషప్పులూ వాళ్ళు. సభ మధ్యలో ఊల్‌సాక్ అనే ఎర్రటి పరుపులాంటి ఆసనం ఉంటుంది. ఊల్‌సాక్ అంటే ఉన్ని బస్తా. ఒకప్పుడు ఈ దేశపు సంపదంతా ఉన్ని వ్యాపారమే కాబట్టి దానికి గుర్తు. 1938లో విప్పి చూస్తే లోపల ఉన్నది ఉన్ని కాదు, గుర్రపు వెంట్రుకలు! అప్పుడు బ్రిటన్ నుంచీ కామన్వెల్త్ దేశాల నుంచీ ఉన్ని తెప్పించి మళ్ళీ నింపారట.

మావాడు మెల్లిగా ఒక బెంచీ మీద కూర్చోబోయాడు. అక్కడున్న ఉద్యోగిని నవ్వుతూనే కూర్చోకూడదని చెప్పింది. వాడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"మరి ఎవరు కూర్చోవచ్చు?"

"లార్డ్స్ కూర్చోవచ్చు."

"లార్డ్ అవ్వాలంటే ఏం చదవాలి?"

"కొందరిని ప్రధానమంత్రి సిఫారసు మీద రాజుగారు నియమిస్తారు. ఇరవై ఆరు మంది బిషప్పులు. ఇంకొందరు వాళ్ళ నాన్నగారు లార్డ్ కాబట్టి లార్డ్ అయినవాళ్ళు."

"మనం టికెట్ కొన్నా కూర్చోకూడదు, వాళ్ళు పుడితే చాలా?"

పక్కనున్న పెద్దావిడ మావైపు తిరిగి చూసింది. అదృష్టం, మేం మాట్లాడుకునేది తెలుగులో.

తాత్కాలికం అనుకున్న తొంభై రెండు

వాడి ప్రశ్న ఈ దేశంలోనే చాలామంది అడిగారు. 1909లో లాయిడ్ జార్జ్ పెట్టిన బడ్జెట్‌ని లార్డ్స్ తిప్పికొట్టారు. దాంతో గొడవ ముదిరి 1911లో పార్లమెంటు చట్టం వచ్చింది. బిల్లుల్ని శాశ్వతంగా ఆపేసే అధికారం లార్డ్స్‌కి పోయింది. ఆ చట్టం పీఠికలోనే వారసత్వం మీద కాకుండా ప్రజల మీద ఆధారపడే రెండో సభ ఏర్పాటు చెయ్యాలన్నది తమ ఉద్దేశమనీ, అయితే అది వెంటనే కుదరదనీ రాసుకున్నారు. ఆ "వెంటనే కుదరదు" అన్న మాట వందేళ్ళు దాటినా నడిచింది.

1958లో జీవితకాల సభ్యుల చట్టం వచ్చింది. నియమితులైనవాళ్ళు బతికినంతకాలం సభ్యులు, వాళ్ళ పిల్లలకి సీటు రాదు. ఆడవాళ్ళు లార్డ్స్‌లో అడుగుపెట్టింది కూడా ఆ చట్టంతోనే. 1960లో ఇంకో విచిత్రం జరిగింది. టోనీ బెన్ అనే ఎంపీగారి తండ్రి కాలం చేశారు. ఆయన వైకౌంట్ కాబట్టి, ఆ బిరుదు కొడుక్కి వచ్చింది. బిరుదుతో పాటు కామన్స్ సీటు ఊడింది. నాకు ఈ బిరుదు వద్దు మొర్రో అన్నా వినేవాళ్ళు లేరు. ఉపఎన్నికలో మళ్ళీ నిలబడి గెలిచినా సభలోకి రానివ్వలేదు. చివరికి 1963లో బిరుదు వదులుకోవచ్చని చట్టం చేశాక ఆయన దాన్ని వదిలించుకుని కామన్స్‌కి తిరిగొచ్చారు. వారసత్వం అంటే అందలం ఒక్కటే కాదు, ఒక్కోసారి అది మెడకి గుదిబండ కూడా.

అసలు పెద్ద మార్పు 1999లో వచ్చింది. ఆరువందల మందికి పైగా వారసత్వ సభ్యులు ఒక్క చట్టంతో వెళ్ళిపోయారు. బిల్లు సాఫీగా సాగడానికి చేసుకున్న రాజీలో 92 మందిని మాత్రం ఉంచారు, పూర్తి సంస్కరణ జరిగేదాకా తాత్కాలికంగా అని. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ కథ బాగా తెలుసు. శుక్రవారం సాయంత్రం వేసిన టెంపరరీ ఫిక్సే పదేళ్ళ తరవాత కూడా సిస్టమ్‌ని నడుపుతూ ఉంటుంది. దాన్ని తీస్తే ఏం కూలుతుందోనని ఎవరూ ముట్టుకోరు. 2012లో ఎక్కువమంది ఎన్నికై వచ్చే సభ కావాలని ఒక బిల్లు తెచ్చారు, అదీ కొన్ని నెలలకే మూలపడింది.

ఈలోగా ఆ 92 సీట్లలో దాదాపు అన్నిటికీ, ఎవరైనా పోతే ఉపఎన్నిక పెట్టేవారు. పోటీ చెయ్యాలంటే బిరుదు వారసులై ఉండాలి. 2016లో లిబరల్ డెమొక్రాట్ల ఖాళీకి జరిగిన ఉపఎన్నికలో పోటీదారులు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు! ముగ్గురూ వైకౌంట్ థర్సోకే ఓటేశారు. ఇది చెప్తే మా ఆవిడ నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకుంది. మా అమ్మాయి మాత్రం ఇంకో సంగతి పట్టుకుంది. 2020లో కౌంటెస్ ఆఫ్ మార్ పదవీవిరమణ చేశాక ఆ 92 సీట్లలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. చాలా బిరుదులు మగపిల్లలకే వస్తాయి కాబట్టి.

మన ఊళ్ళో కరణంగారు

ఇది మనకేం సంబంధం అంటారేమో. ఉంది. రాబర్ట్ క్లైవ్ పేరు మనందరం చదువుకున్నదే. ఆయన కొడుకు, తండ్రి నుంచి బారన్ బిరుదు అందుకున్న ఎడ్వర్డ్ క్లైవ్, 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. ఆయన హయాంలోనే 1802లో శాశ్వత శిస్తు పద్ధతి చట్టంగా వచ్చి, ఉత్తర సర్కారుల్లో జమీందారీలు తరతరాల హక్కుగా స్థిరపడ్డాయి. అదే ఏడాది కరణాల గురించి కూడా ఒక రెగ్యులేషన్ చేశారు. ఇక్కడి సభల్లో నడిచే సూత్రమే అక్కడి పొలాల్లోనూ నాటుకుంది.

జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. గ్రామ పదవులు మాత్రం మిగిలాయి. 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం మునసబు పదవి కుటుంబంలోనే తిరిగేది. తెనాలి తాలూకాలో కొత్తగా ఏర్పడిన పెరవలిపాలెం మునసబు పదవి కోసం గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పాత మునసబుల కుటుంబానికే ముందు హక్కు ఇవ్వడం రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు తీర్పిచ్చింది. ఒక పల్లెటూరి పదవి మీద వచ్చిన ఆ తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుతారు. ఆ తరవాత 1984లో కరణం, మునసబు పదవుల్నే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దు చేసింది.

మాదీ తెనాలి వైపే. మా తాతయ్య మామూలు రైతు. అడంగల్ నకలు కావాలన్నా, గట్టు తగాదా వచ్చినా కరణంగారి అరుగు మీద కూర్చుని ఎదురు చూడాల్సిందే. ఆయన భోజనం చేసి, నిద్రపోయి, లేచి వచ్చేదాకా. కరణంగారి పదేళ్ళ పిల్లాడు బయటికొచ్చినా, రేపు వాడే కరణం కదా అని పెద్దవాళ్ళు లేచి నిలబడేవారట. పదవులు పోయిన రోజున ఊళ్ళో చాలామంది సంతోషించారు. మా తాతయ్యా సంతోషించాడు. కానీ నేను కాస్త పెద్దయ్యాక ఒక మాట అన్నాడు. "ఆయనకి ప్రతి గట్టూ తెలుసురా అబ్బాయ్. ఏ పొలం ఎవరు ఎవరికి అమ్మారో, ఏ కాలువ ఎటు మళ్ళిందో కాగితం చూడకుండా చెప్పేవాడు. దండం పెట్టాల్సి రావడం బాధే. కానీ ఆయన పోయాక ఎవరిని అడగాలో తెలియక ఇంకో నాలుగిళ్ళు తిరిగాం."

ఆ మాటలో రెండు వైపులా ఉన్నాయి. లార్డ్స్‌లో వారసత్వ సభ్యుల తరఫున మాట్లాడినవాళ్ళూ ఇలాంటిదే చెప్పారు. వాళ్ళు ఓపిగ్గా పని చేస్తారు, ఎవరి దయ మీదా రాలేదు కాబట్టి పార్టీ నాయకుడికి భయపడరు అని. అందులో నిజం లేకపోలేదు. ఇందాక చెప్పిన కౌంటెస్ ఆఫ్ మార్ గొర్రెలకి వాడే పురుగుమందు వల్ల తానే జబ్బుపడి, రైతుల ఆరోగ్యం కోసం ఏళ్ళ తరబడి సభలో పోరాడారు. కానీ పని తెలిసినవాడు కాబట్టి పదవి ఇవ్వడం వేరు, పదవి ఇంట్లో ఉంది కాబట్టి పని నేర్చుకోవడం వేరు. కరణంగారి జ్ఞానం ఊరికి కావాలి. అది దస్త్రంలోకి ఎక్కాలి, నేర్చుకోవాలనుకునే ఎవరి పిల్లాడికైనా అందాలి. దానికోసం ఊరంతా ఒక పదేళ్ళ పిల్లాడి ముందు లేచి నిలబడక్కర్లేదు.

మరి తరవాత ఎవరు?

విక్టోరియా టవర్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని, ఇక్కడ ఎవరూ వద్దనలేదు లెండి, పులిహోర తింటుంటే మా అమ్మాయి అడిగింది. "వాళ్ళని పంపించేస్తే మిగిలేది ప్రధానమంత్రి సిఫారసు మీద వచ్చినవాళ్ళే కదా? నాన్న పేరు బదులు పార్టీ పేరు. ఇది మెరుగేనా?"

మంచి ప్రశ్న. మన అనుభవం కూడా అదే చెప్తుంది. కరణాలు పోయాక గ్రామ సహాయకులు వచ్చారు, వీఏవోలు వచ్చారు, వీఆర్వోలు వచ్చారు. తెలంగాణలో 2020లో వీఆర్వో పదవిని కూడా రద్దు చేశారు. కుర్చీలోంచి ఒకర్ని దింపడానికి ఒక చట్టం చాలు. ఆ కుర్చీలో ఎవరు, ఎలా, ఎన్నాళ్ళు కూర్చోవాలో తేల్చడానికి తరాలు పడుతుంది. మన శాసనమండలి సంగతే చూడండి. 1958లో పెట్టారు, 1985లో తీసేశారు, 2007లో మళ్ళీ పెట్టారు. రెండో సభ కావాలా వద్దా అన్నది తేలడానికే ఇంతకాలం పట్టింది.

మన దగ్గర వారసులు లేరా అని మీలో కొందరు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఉన్నారు, అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. తాత, తండ్రి, మనవడు వరసగా నిలబడే నియోజకవర్గాలు మనకి కొత్త కాదు. కానీ వాళ్ళు అయిదేళ్ళకోసారి ఎండలో తిరిగి ఓటు అడగాలి, జనం కాదంటే ఇంట్లో కూర్చోవాలి. ఓటే లేకుండా వచ్చే సీటుకి ఆ భయం లేదు. మా అమ్మాయికి ఇదే చెప్పాను. నియమించిన సభ్యుడి తరవాత ఆ సీటు వాళ్ళ అబ్బాయికి రాదు, అది ఒక మెట్టు. నియమించేవాళ్ళ చేతికి హద్దు పెట్టడం తరవాతి మెట్టు. మొదటి మెట్టు ఎక్కామని రెండోది మర్చిపోకూడదు.

ఆ తరవాత సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2025 జూలైలో లార్డ్స్ కొన్ని సవరణలతో బిల్లుని వెనక్కి పంపారు. సెప్టెంబరులో కామన్స్ ముఖ్యమైనవాటిని తోసిపుచ్చింది. 2026 మార్చిలో లార్డ్స్ తమ అభ్యంతరాలు వదులుకున్నాక అది చట్టమైంది. ఆ పార్లమెంటు సెషన్ ముగియడంతోనే వారసత్వపు సీట్లు కూడా ముగిసేలా రాశారు. ఏడువందల ఏళ్ళ పద్ధతి ఒక చిన్న చట్టంతో సరి. బిరుదులు ఎక్కడికీ పోలేదు. డ్యూక్‌గారు డ్యూక్‌గారే, చట్టాలు చేసే హక్కు మాత్రం ఆ పేరుతో రాదు.

పిల్లల్ని తీసుకుని మీరూ ఒకసారి వెళ్ళి రండి. లోపల తీరిగ్గా చూసే వీలుంటుంది. బయటికొచ్చాక పార్లమెంట్ స్క్వేర్‌లో 2015లో పెట్టిన గాంధీగారి విగ్రహం దగ్గర నిలబడి ఒక మాట పిల్లలకి చెప్పండి. లార్డ్స్‌లో కూర్చునే సభ్యుడికి ఈ దేశపు సాధారణ ఎన్నికల్లో ఓటు లేదు. మనకి ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా, కామన్వెల్త్ పౌరులం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ నివాసముంటున్న మనం కూడా ఓటు వెయ్యొచ్చు. కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవడమే మిగిలింది. ఆ పని చెయ్యకుండా ఎర్ర బెంచీల మీద ఎవరు కూర్చోవాలో టీ తాగుతూ మాట్లాడుకుంటే, మన పిల్లలు మనల్ని అడిగే ప్రశ్నకి జవాబు ఉండదు.